దండెం రాయి

నవంబరు 4

ఈ రోజూ బట్టలు ఆరలేదు.

కుర్చీల మీద, తలుపుల మీద, కిటికీ ఊచలకు, ఎక్కడ చూసినా తడి బట్టలే. ఇల్లంతా ముక్కిన వాసన. ఆయన చొక్కా తొడుక్కుంటూ ముఖం చిట్లించి "ఇదేం వాసనే?" అన్నారు. ఏం వాసనో ఆయనకు తెలియదు పాపం. పెరట్లో దండెం విప్పేసింది ఆయనే. రాళ్లను పరిశీలించడానికి విశ్వవిద్యాలయం నుంచి ఎవరో వస్తున్నారు, వెనక స్థలం శుభ్రంగా కనిపించాలి, రెండు రోజులు ఓర్చుకో అన్నారు. ఆ రెండు రోజులు ఇవాళ్టికి పదిహేడయ్యాయి.

ఇరవై తొమ్మిదేళ్లు నా బట్టలు మోసిన తాడు అటక మీద పడుకుని ఉంది. దానికైనా విశ్రాంతి దొరికింది.

నవంబరు 6

వచ్చిన ఆవిడను అందరూ పెద్ద మేడమ్ అంటున్నారు. నా వయసే ఉంటుంది. పొద్దుటి నుంచి మోకాళ్ల మీద కూర్చుని చిన్న కుంచెతో మట్టి తుడుస్తూనే ఉంటారు. నేను టీ తీసుకెళ్తే, అట్ట మీద కాగితం పెట్టి నాకు బొమ్మ గీసి చూపించారు. మర్చిపోతానని ఇక్కడ రాసుకుంటున్నాను.

మా ఇంటి వెనక ఉన్న పదమూడు రాళ్లు ఎవరో సరదాకి పాతినవి కావట. మూడు వేల ఏళ్ల కిందటివట. అప్పటి వాళ్లకు రాత లేదు, క్యాలెండరు లేదు. ఏడాది ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలుసుకోవడానికి అవతలి కొండ నుంచి ఒక్కో రాయినీ దొర్లించుకొచ్చి నిలబెట్టారట. తూర్పు అంచున ఉన్న రెండు ఎత్తైన రాళ్లను మేం అక్కాచెల్లెళ్లు అంటాం. ఏడాదిలో అన్నిటికన్నా చిన్న పగటి రోజున సూర్యుడు ఆ రెంటి సందులోంచే లేస్తాడట. ఆ కిరణం తిన్నగా వచ్చి పడమటి రాయి మీద పడుతుందట.

"సూర్యుడు ఇలా జరుగుతూ జరుగుతూ ఇక్కడ ఆగి వెనక్కి మళ్లుతాడని తేల్చుకోవాలంటే ఎన్నేళ్లు చూసుండాలమ్మా! తాతలు చూసి మనవలకు చెప్పుండాలి. చదువు లేని వాళ్ల పుస్తకం ఇది" అన్నారు.

దేవుడు చేసే పనిని అంత ఓపిగ్గా చూసిన వాళ్లకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అంతలో మేడమ్ లేచి, ఆ పడమటి రాయి తల మీద ఉన్న గాడిలో వేలు పెట్టి, "ఇది చూపు గాడి. ఇందులోంచే సూర్యుణ్ణి చూసేవాళ్లు. ఎంత నున్నగా అరిగిందో చూడండి. ఎన్ని వందల ఏళ్ల గాలివానలో!" అన్నారు.

పడమటి రాయి నా దండెం రాయి. ఆ గాడి మా ఆయన ఉలితో కొట్టారు, తాడు జారకుండా.

నవంబరు 7

దేవుడా, ఆమె ఎదుట నాకు నవ్వు రాకుండా చూడు.

నవంబరు 8

నవ్వు వచ్చే సంగతి కాదని ఇవాళ తెలిసింది. మూడు కాళ్ల యంత్రం పెట్టుకుని తిరిగే కొలతల అమ్మాయి గెంతుకుంటూ వచ్చింది. "ఆంటీ, ఆ రాయీ ఆ సందూ ఒకే గీత మీద ఉన్నాయి! అర డిగ్రీ తేడా లేదు!" అని నా చేతులు పట్టుకుని ఊపేసింది. నా చేతిలో తడి తువ్వాలు ఉంది.

ఆయనతో చెప్పాను. "ఏమండీ, మేడమ్‌కి చెప్పేయండి."

"ఏమని?"

"ఆ రాయిని మీరూ మీ తమ్ముడూ నిలబెట్టారని."

"పడి ఉన్నదాన్ని లేపాం. పాత రాయే కదా?"

"రాయి పాతదే. నిలబడటం కొత్త."

ఆయన గ్లాసు కింద పెట్టి, పక్క స్థలం వైపు చెయ్యి చూపించారు. క్వారీ యంత్రం అప్పుడే మొదలైంది. మా కిటికీ అద్దాలు దడదడమంటున్నాయి. "వాడు ఏడాదికి పది గజాలు ఇటు జరుగుతున్నాడు. ఇవి గొప్ప రాళ్లని మేడమ్ రాస్తే ఆగుతాడు. లేదంటే నీకు బట్టలారేసుకోవడానికి రాయి కాదు, ఇల్లే ఉండదు. నోరు మూసుకుని ఉండు."

నేను నోరు తెరిచిందెప్పుడు గనక.

నవంబరు 11

రాళ్ల పక్కన ఉండేవాళ్ల జ్ఞాపకాలు కాగితం మీద కావాలని మేడమ్ అడిగారు. నలభై ఏళ్లు రాతిపని చేసిన చేతితో ఆయన కలం పట్టుకుంటే కాగితం చిరుగుతుంది. "మా ఆవిడ పదో తరగతి చదివింది, దస్తూరీ ముత్యాలే" అని నన్ను కూర్చోబెట్టారు. ఆయన చెబుతుంటే నేను రాశాను.

"నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఈ రాయి ఇలాగే నిలబడి ఉంది. మా తాత కూడా ఇలాగే చూశానని చెప్పేవాడు."

"మీ తాతకు కళ్లు కనపడేవి కాదు కదా" అని గొణిగాను.

"ఏంటమ్మా?" అన్నారు మేడమ్. నా గొంతు ఎప్పుడూ అంతే, పక్కనున్న వాళ్లకే అందదు.

"కలం సరిగ్గా రాయడం లేదు మేడమ్" అన్నాను.

కలం శుభ్రంగా రాస్తోంది. కింద 'రాసినవారు' అని నా సంతకం కూడా పడింది.

నవంబరు 12

నేను చెప్పలేదు. రాశాను అంతే. చెప్పినవాళ్లు వేరు.

నవంబరు 13

రాశాను అంతే.

నవంబరు 15

మరిది వచ్చాడు. ఊరంతటికీ వినపడేలా మాట్లాడతాడు, ఎదురుగా ఉన్నవాళ్లకు చెవుడు అనుకుంటాడు కాబోలు.

"వదినా! నీ దండేనికి మూడు వేల ఏళ్లట కదా! మరి నా వయసెంతో అడుగు మీ మేడమ్‌ని. దాన్ని లేపింది నేనేగా!"

"మెల్లగా అనయ్యా."

"నడుం పట్టేసి వారం మంచం దిగలేదు నేను. అంత చేస్తే నాకు దక్కిందేంటి? నీ పుట్టింటి పింగాణీ పళ్ళెం పగలగొట్టానని తిట్లు."

"రాయి మీద కూర్చుని తింటూ పళ్ళేన్ని గాల్లో తిప్పింది నువ్వే."

"అన్నయ్య ఆ ముక్కలన్నీ గుంటలో వేసి రాయి పాతేశాడు, నీకు కనపడకుండా." పకపకా నవ్వాడు. ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను. "ఏం చలి వదినా ఆ ఏడు! నువ్వు ఆ చిన్న చిన్న గుడ్డలు పట్టుకుని పొద్దున్నే..."

ఆగిపోయాడు.

టీ తాగకుండానే చల్లారింది. వెళ్లేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ "వస్తా వదినా" అన్న మాట మాత్రం నాకు సరిగ్గా వినపడలేదు. అంత మెల్లగా మాట్లాడటం వాడికి చేతనవునని ఇవాళే తెలిసింది.

నవంబరు 19

రాయి పక్కన గుంట తవ్వుతామన్నారు మేడమ్. రాయిని పాతినప్పుడు అడుగున ఏం వేశారో తెలిస్తే కాలం తేలుతుందట. అడుగున నా పళ్ళెం ఉంది.

ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. నీళ్లు నమిలి, అటూ ఇటూ చూసి, చివరికి నన్ను చూశారు.

"కుదరదు మేడమ్. మా ఆవిడ రోజూ ఆ రాయికి దణ్ణం పెట్టుకుంటుంది. తవ్వితే ఊరుకోదు."

మేడమ్ వెంటనే రెండడుగులు వెనక్కి వేశారు. "అయ్యో, నాకు తెలియదు. క్షమించమ్మా" అన్నారు నాతో. ఏ పాపమూ తెలియని మనిషి నాకు క్షమాపణ చెప్పింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు.

నవంబరు 21

మేడమ్ ఆ రాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పుతున్నారు. ముళ్లూ రాతి ముక్కలూ ఉన్న నేల అది. ఇవాళ కాలు కోసుకుపోయింది. పసుపు రాసి గుడ్డ కట్టాను. "మీ నమ్మకం ముందు ఇదెంతమ్మా" అన్నారు.

భూమి చీలితే బాగుండును. ఆ తవ్వడమేదో నా కిందే తవ్వినా బాగుండును.

నవంబరు 23

ఎవరో రాయి మీద పూలు పెట్టారు. ఒకావిడ బిడ్డనెత్తుకొచ్చి, రాయికి తాకించి, నన్ను అడిగింది: "ఏం కోరుకుంటే అవుతుందండీ?"

నా చీరలూ దుప్పట్లూ ఆరుతాయి. ఇంకేమీ అవదు.

ఆ మాట పైకి అనలేదు. ఇంట్లోకి వచ్చి ఆయన మీద విరుచుకుపడ్డాను. నేను విరుచుకుపడటమంటే, మామూలుగా మాట్లాడటం కన్నా కాస్త గట్టిగా. "మీ తాత పేరు వాడుకోండి, మీ ఇష్టం. నా దణ్ణాన్ని ఎందుకు లాగారు? నేను దేవుడి ముందు కూర్చుని నోరు తెరిస్తే ఏమని తెరవాలి ఇప్పుడు?"

"ఇల్లు నిలబడాలా వద్దా?"

"నిలబడాలి."

"మరి?"

గొప్ప కోసమే ఇదంతా. వచ్చేపోయే వాళ్లందరికీ 'మా రాయి, మా రాయి' అని చూపించుకుంటున్నారు. అరవై దగ్గరపడ్డ మనిషికి ఇదేం పిచ్చి.

నవంబరు 24

ప్రార్థనకు కూర్చున్నాను. రెండు మాటలు అని లేచాను.

నవంబరు 25

కూర్చోలేదు.

నవంబరు 27

పొద్దున్నే ఆయన బయటికి వెళ్లాక అటక ఎక్కాను. తాడు దించాను. దుప్పటి తడిపి బకెట్లో వేసుకుని పెరట్లోకి వెళ్లాను. ఒక కొస గోడ కొక్కేనికి కట్టి, రెండో కొస రాయి తల మీదుగా వేసి బిగించాను. తాడు గాడిలో చక్కగా కూర్చుంది. దానికి అలవాటైన చోటే కదా.

మేడమ్ టీ గ్లాసుతో నిలబడి చూస్తున్నారు, వట్టి కాళ్లతో.

"ఏం చేస్తున్నారమ్మా? దణ్ణం పెట్టుకునే రాయి కదా..."

"బట్టలారేస్తున్నాను మేడమ్. ఇది దండెం రాయి. చెప్పులు వేసుకోండి, మీకు పుణ్యముంటుంది."

అంతా చెప్పాను. రాయి పడి ఉండటం, వీళ్లిద్దరూ గడ్డపలుగులతో దాన్ని ఈడ్చి లేపడం, ఉలి, గాడి, పళ్ళెం, గుడ్డి తాత. మేడమ్ గుంట గట్టు మీద కూలబడ్డారు.

"మొన్ననే పెద్ద సభకి రాసి పంపానమ్మా. గాడి ఫొటోతో సహా." తలెత్తి, "ఆ కాగితం మీ దస్తూరీనే కదా?" అన్నారు.

రాశాను అంతే అనడానికి నోరు రాలేదు. "నేనే రాశాను. తప్పు నాదీ" అన్నాను. ఆమె అరిచినా బాగుండేది. గోడ కొక్కెం నుంచి రాయి దాకా తాడు వెంటే చూశారు.

తర్వాత మెల్లగా అడిగారు: "ఇంత పెరడు ఉంది. దండేనికి గుంజ ఎక్కడైనా పాతొచ్చు. సరిగ్గా అక్కడే ఎందుకు?"

చలి రోజుల్లో అక్కాచెల్లెళ్ల నీడ బాగా పొద్దెక్కేదాకా పెరడంతా కప్పేస్తుంది. వాటి సందులోంచి మాత్రం సన్నగా ఒక పట్టీలాగా ఎండ వస్తుంది. మూడు పొద్దులు తడి గుడ్డలు పట్టుకుని నిలబడి, అది మొదట ఎక్కడ పడుతుందో చూసి, మడమతో గీత గీశాను. అక్కడ పాతమన్నాను. అదే చెప్పాను.

"మూడు రోజులే చూశారా?"

"రోజూ అక్కడే పడింది మేడమ్. కదల్లేదు."

"కదలడు. ఆ రెండు మూడు వారాలు సూర్యుడు ఉన్నచోటే లేస్తాడు. అదే కదా వాళ్లు కనిపెట్టింది!" తర్వాత నా వైపు తిరిగారు. "ఎవరి గుడ్డలమ్మా, అంత తొందరగా ఆరాల్సినవి?"

చెప్పాను. ఇక్కడ రాయలేను.

నవంబరు 28

ఇవాళ ఆయన అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూనే ఉన్నారు.

"చెప్పేశావట."

"చెప్పేశాను."

"అక్కడే ఎందుకు పాతారని అడిగిందా?"

"అడిగారు."

"చెప్పావా?"

"చెప్పాను."

ముద్ద కంచంలో వదిలేశారు. "అదే అడుగుతుందని భయం. చదువుకున్న మనిషి, అడక్కుండా ఉంటుందా! అడిగితే నువ్వు పాప సంగతి ఎత్తాల్సి వస్తుందని... అందుకే తాతని తెచ్చాను."

చలిలో పుట్టింది, ఎండలు ముదరక ముందే వెళ్లిపోయింది. నాలుగు నెలలు. ఈ ఇంట్లో పాప అనే మాట వినపడి ఇరవై ఎనిమిదేళ్లు.

నాకు ఏడుపు రావాలి. ఒళ్లు మండింది. "నన్నొక్క మాట అడిగారా? నేను చెప్పలేనని మీకెవరు చెప్పారు? ఇన్నేళ్లూ మీరు ఎత్తరని నేను ఎత్తలేదు."

"నువ్వు ఎత్తవని నేను."

ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. ఇంత తెలివితక్కువ మనుషులు ఈ వీధిలో ఇంకో ఇంట్లో ఉండరు.

కాసేపటికి నేనే అడిగాను. "మరి ఇల్లు?"

"దేవుడున్నాడుగా, నువ్వు అడుగు" అన్నారు. చేతకానప్పుడే ఆయనకు నా దేవుడు గుర్తొస్తాడు.

ప్రార్థనకు కూర్చున్నాను. చాలాసేపు.

డిసెంబరు 5

తవ్వారు. రాయి పక్కన మనిషి మోకాలి లోతు దాకా దిగేసరికి నీలం అంచు పింగాణీ ముక్కలు తేలాయి. మేడమ్ ఒక్కో ముక్కనూ కుంచెతో తుడిచి, కాగితం సంచిలో వేసి, నంబరు రాసి, నా వైపు ఎత్తి చూపించారు.

"ఇది ఏ కాలందమ్మా?"

"మా మరిది కాలందండీ."

కొలతల అమ్మాయి పడీపడీ నవ్వింది. ఇన్నాళ్లకు మేడమ్ కూడా నవ్వారు. సభకు పంపిన కాగితాన్ని వెనక్కి తీసుకున్నారట. విశ్వవిద్యాలయంలో ఆమెను దండెం మేడమ్ అంటున్నారట. ఆ మాట ఆమే చెప్పారు, భుజం ఎగరేసి. నేను తలెత్తలేకపోయాను.

అధికారులు వచ్చి చూసి వెళ్లారు. క్వారీ మేనేజరు కూడా వచ్చి, పూలు వాడిపోయిన రాయిని చూసి, ఆయనతో "ఏం మేస్త్రీ, ఇంకా ఏవేవి మీరు కట్టినవి ఇక్కడ?" అన్నాడు. ఆయన వంగి ఆ వాడిన పూలు ఏరి అవతల పారేశారు.

డిసెంబరు 8

కిటికీ అద్దం ఒకటి పగిలింది. క్వారీ వాడు ఇవాళ మా వైపు కొత్త గీత గీయించాడు.

డిసెంబరు 13

మేడమ్ కేకేస్తే పిండి చేతులతోనే పరుగెత్తాను.

దండెం రాయికి నాలుగు అడుగులు వెనక నేలలో నల్లగా ఒక గుండ్రటి మచ్చ. తవ్వితే గుంట. చుట్టూ రాళ్లు కూరి ఉన్నాయి, అడుగున బొగ్గు. ఆ బొగ్గును పరీక్షకు పంపితే కాలం తెలుస్తుందట. పళ్ళెం ముక్క ఒక్కటి లేదు. మా ఆయన గుంటలోకి దిగి, వేళ్లతో అంచులు తడిమి, దండెం రాయి మొదలు కొలిచి, "దీని పాదం ఇదే. మేం ఇక్కణ్ణించే ఈడ్చాం" అన్నారు. రాతి సంగతిలో ఆయన మాట నమ్మొచ్చు. తాత సంగతిలోనే నమ్మకూడదు.

కొలతల అమ్మాయి యంత్రంలో చూసి, మళ్లీ చూసి, "మేడమ్, ఇదీ ఆ గీత మీదే ఉంది!" అంది.

మేడమ్ నా పిండి చేతులు పట్టుకున్నారు. "అర్థమవుతోందా అమ్మా? మూడు వేల ఏళ్ల కిందట ఒకళ్లు ఇక్కడ నిలబడి, మొదటి ఎండ ఎక్కడ పడుతుందో చూసి రాయి పాతారు. అది పడిపోయింది. మీరు ఏమీ తెలియకుండా వచ్చి నిలబడి, అదే ఎండ చూసి, అదే రాయిని అదే గీత మీద పాతించారు. వాళ్లు చూశారనడానికి ఇంతకన్నా నాకేం కావాలి!"

"వాళ్లు ఏం ఆరేసుకోవాల్సి వచ్చిందో" అన్నాను.

ఆమె నవ్వబోయి ఆగారు. "నిజమే. అది మాకు ఎప్పటికీ తెలియదు" అన్నారు.

డిసెంబరు 18

పరీక్షలు తేలేదాకా క్వారీ ఉన్నచోటే ఆగాలని కాగితం వచ్చింది. తేలేదాకా అంటే ఎప్పటిదాకా అని ఆయన అడుగుతున్నారు. నన్నడిగితే? ఇవాళ కిటికీలు కదలలేదు. అది చాలు.

డిసెంబరు 22

తెల్లారకముందే అందరం పెరట్లో ఉన్నాం. మరిది కూడా వచ్చాడు. దండెం రాయిని ముందురోజే తాళ్లతో దించి పక్కన పడుకోబెట్టారు. పాత గుంటలో మళ్లీ నిలబెడతారట.

మొదటి ఎండ పడే చోటును కొలతల అమ్మాయి లెక్క కట్టి మేకు కొట్టింది. మేడమ్ దాన్ని నన్ను చూడనివ్వకుండా గుడ్డ కప్పి, "మీరు చూపించండమ్మా" అన్నారు.

అక్కాచెల్లెళ్ల సందు ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ ఎండ కోసం ఊరికే నిలబడింది లేదు. ఎప్పుడూ చేతిలో బకెట్టే. వట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సన్నటి పట్టీ నేల మీద పాకుతూ వచ్చింది. నేను నడిచి వెళ్లి నిలబడ్డాను. కాళ్లకు వెచ్చగా తగిలింది.

గుడ్డ తీశారు. మేకుకూ నా మడమకూ జానెడు దూరం.

ఆయన వెనక్కి తిరిగి గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. నేను చూడలేదనుకున్నారు.

డిసెంబరు 23

కొత్త కాగితం రాసివ్వమని మేడమ్ అడిగారు. "నేను చెప్పనా?" అన్నారాయన. "మీరు టీ తాగండి" అన్నాను.

రాసింది ఇది:

'ఈ రాయిని ఇరవై తొమ్మిదేళ్ల కిందట చలికాలంలో మా ఆయన, మా మరిది నిలబెట్టారు. మా పాప గుడ్డలు ఆరడానికి. ఎండ మొదట పడే చోటు నేను చూపించాను. గాడి మా ఆయన కొట్టింది, అరిగింది తాడు వల్ల. ముందు ఇచ్చిన కాగితం అబద్ధం. అదీ నేనే రాశాను.'

సంతకం పెట్టాను. కలం శుభ్రంగా రాసింది.

డిసెంబరు 27

రాయి పోయింది కాబట్టి దండేనికి ఇనప పైపు పాతారు ఆయన. ఎక్కడ? సరిగ్గా అక్క రాయి నీడలో. అక్కడ ఎండ పదకొండింటికి గానీ రాదు. చెప్పాను. నలభై ఏళ్లు మేస్త్రీ పని చేసిన వాడికి నువ్వు చెబుతావా అన్నారు. మళ్లీ కుర్చీల మీద దుప్పట్లు.

డిసెంబరు 29

పైపు పీకేశారు. గడ్డపలుగు పట్టుకుని పెరట్లో నిలబడి, ఎక్కడ పాతాలో వచ్చి చూపించమని గంట నుంచి అరుస్తున్నారు.

రానీ, ఎండ రానీ.